చల్లబరిచిన గాలిని మళ్లీ వేడిచేయడం: ఒక ఆసుపత్రి ఏసీ వ్యవస్థలో వృథా వేడి వినియోగంపై కేస్ స్టడీ

ఈ కేసు ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్లకు గాలిని చల్లబరిచి, శుభ్రపరిచి అందించే యంత్రానికి (ఏహెచ్‌యూ, ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్) సంబంధించినది. థియేటర్ల నుంచి బయటికి వదిలేస్తున్న ఎగ్జాస్ట్ గాలి 22 డిగ్రీల చల్లదనంతో వృథాగా పోతోందని, ఒక హీట్ వీల్ (రెండు గాలి ప్రవాహాల మధ్య వేడిని మార్చే తిరిగే చక్రం) అమర్చి ఆ చల్లదనాన్ని లోపలికి వచ్చే తాజా గాలికి బదిలీ చేయగలరా అని యాజమాన్యం మమ్మల్ని అడిగింది. ప్రశ్న సహేతుకమైనదే. అయితే కొలతలు మొదలుపెట్టిన రెండు వారాలకే, ఆ యూనిట్‌లో అసలు వృథా ఎగ్జాస్ట్ డక్ట్‌లో కాక యూనిట్ లోపలే, కూలింగ్ కాయిల్‌కు (గాలిని చల్లబరిచే, చల్లని నీరు పారే గొట్టాల చుట్టకు) నాలుగడుగుల దూరంలో ఉన్న ఎలక్ట్రిక్ హీటర్ దగ్గర జరుగుతోందని స్పష్టమైంది.

థియేటర్ గాలి విషయంలో ఉష్ణోగ్రతతో పాటు తేమను కూడా అదుపులో ఉంచాలి. ఆసుపత్రుల వెంటిలేషన్‌కు విస్తృతంగా అనుసరించే, అమెరికాకు చెందిన ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే రూపొందించిన 170 ప్రమాణం థియేటర్‌లో ఉష్ణోగ్రత 20 నుంచి 24 డిగ్రీల మధ్య, సాపేక్ష తేమ 60 శాతం మించకుండా, గంటకు కనీసం 20 సార్లు గాలి మారేలా ఉండాలని చెబుతుంది. తేమ తగ్గాలంటే గాలిని దాదాపు 12 డిగ్రీల వరకు చల్లబరిచి, అందులోని నీటిఆవిరిని కాయిల్ మీద నీరుగా రాల్చాలి. కానీ గంటకు 20 సార్లు మారే గాలిని 12 డిగ్రీల వద్దే గదిలోకి పంపితే గది చలికి గడ్డకట్టినట్లవుతుంది కాబట్టి, ఆ గాలిని మళ్లీ 19 డిగ్రీల దాకా వేడిచేసి పంపుతారు. అంటే ముందు కరెంటు ఖర్చుపెట్టి చల్లబరుస్తారు, వెంటనే ఇంకొంత కరెంటు ఖర్చుపెట్టి వేడిచేస్తారు. తేమతో కూడిన వాతావరణంలో పనిచేసే ఆసుపత్రులలో, ప్రయోగశాలలలో, మందుల తయారీ గదులలో ఇది రోజంతా, ఏడాదంతా జరిగే పని.

కొలతలు, లెక్కలు

యూనిట్ సెకనుకు 4 ఘనపు మీటర్ల గాలిని పంపుతోంది, అది పూర్తిగా బయటి గాలే. గదులలో పీడనం బయటికన్నా కాస్త ఎక్కువగా ఉంచాలి కాబట్టి ఎగ్జాస్ట్ ప్రవాహం 3.4 ఘనపు మీటర్లే. గాలి సాంద్రతను ఘనపు మీటరుకు 1.2 కిలోలుగా తీసుకుంటే, సెకనుకు 4.8 కిలోల గాలిని ఒక డిగ్రీ వేడిచేయడానికి దాదాపు 4.8 కిలోవాట్లు కావాలి. 12 నుంచి 19కి తీసుకురావడానికి 34 కిలోవాట్లు. హీటర్ సర్క్యూట్‌కు పెట్టిన మీటరు కూడా అటూ ఇటుగా ఇదే సంఖ్యను పగలూ రాత్రీ చూపుతూ వచ్చింది. డక్ట్‌లోని సెన్సార్ ఎప్పుడూ 19 డిగ్రీలే కోరుతోంది, కాయిల్ ఎప్పుడూ 12 డిగ్రీలే ఇస్తోంది, కాబట్టి బయట ఎండ ఉన్నా వాన ఉన్నా హీటరుకు తేడా లేదు. ఒక్క రోజుకు అది 816 యూనిట్ల విద్యుత్తు.

చల్లబరిచే భారం లెక్క వేరు. బయట 34 డిగ్రీలు, 45 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం కిలో గాలిలో దాదాపు 15 గ్రాముల నీటిఆవిరి ఉంటుంది, 12 డిగ్రీల కాయిల్ దాటాక దాదాపు 8.3 గ్రాములు మిగులుతుంది. ఈ మార్పుకు కూలింగ్ కాయిల్ మీద పడే భారం సుమారు 190 కిలోవాట్లు. ఇందులో 80 కిలోవాట్ల పైచిలుకు తేమను నీరుగా మార్చడానికే పోతుంది. గంటకు 115 లీటర్లకు పైగా చల్లని, శుభ్రమైన నీరు కాయిల్ కింది ట్రే నుంచి నేరుగా మురుగులోకి పోతుండటం చూసి, మిగతా పనులతో సంబంధం లేకుండా, ఆ నీటిని కూలింగ్ టవర్‌కు (ఏసీ వ్యవస్థ వేడిని బయటి గాలిలోకి వదిలే టవర్‌కు) మళ్లించే పైపు మొదటి వారంలోనే వేయించాం. (ఫ్యాన్ మోటారు వల్ల గాలికి చేరే వేడిని సులువు కోసం ఈ లెక్కలన్నిటిలో పక్కన పెట్టాను.)

వృథా వేడిని తిరిగి వాడుకునే ఏ పథకానికైనా ముందు, ఆ వేడి అసలు పుట్టకుండా చేయగలమా అని చూడాలి. ఖాళీగా ఉన్న థియేటర్లకు రాత్రిపూట గాలి ప్రవాహం తగ్గించమని మేము మొదట సూచించాం. పీడనాల తేడా చెదరకుండా ఉన్నంతవరకు ఆష్రే ప్రమాణం కూడా దీన్ని అనుమతిస్తుంది. కానీ ఈ థియేటర్లన్నీ అత్యవసర శస్త్రచికిత్సలకు ఏ క్షణమైనా సిద్ధంగా ఉండవలసినవని వైద్యులు స్పష్టం చేశారు. వారి మాటను గౌరవించి ఆ దారి వదిలేశాం.

హీట్ వీల్ ఎందుకు పెట్టలేదు

అంకెలు మాత్రమే చూస్తే హీట్ వీల్‌ను కాదనడం కష్టం. అల్యూమినియం తేనెపట్టు లాంటి చక్రం మీద తేమను పీల్చుకునే సిలికా జెల్‌నో మాలిక్యులర్ సీవ్‌నో పూత పూస్తారు. అది నిమిషానికి పది ఇరవై చుట్లు తిరుగుతూ ఒక సగంలో ఎగ్జాస్ట్ గాలి చల్లదనాన్ని, పొడితనాన్ని పట్టుకుని రెండో సగంలో తాజా గాలికి అందిస్తుంది. వేడినీ తేమనూ కలిపి బదిలీ చేస్తుంది కాబట్టి, 70 శాతం సామర్థ్యంతో పనిచేసే చక్రం పైన చెప్పిన మధ్యాహ్నం దాదాపు 79 కిలోవాట్ల చల్లదనాన్ని వెనక్కి తెచ్చేది. దానికి బదులు రెండు డక్ట్‌లలో రెండు కాయిల్స్ పెట్టి, వాటి మధ్య నీటిని తిప్పే రన్ అరౌండ్ లూప్ వాడితే తేమ బదిలీ కాదు. 50 శాతం సామర్థ్యం అనుకున్నా అది తెచ్చేది 25 కిలోవాట్లే. మూడింతల తేడా. పొడి చలి దేశాలలో ఈ తేడా ఇంతగా కనబడదు. అక్కడ కూడా యూరోపియన్ యూనియన్ 1253/2014 నియమం 2018 జనవరి 1 నుంచి మామూలు ఉష్ణమార్పిడి యంత్రాలకు కనీసం 73 శాతం సామర్థ్యం కోరుతూ, రన్ అరౌండ్ వ్యవస్థలకు మాత్రం 68 శాతానికే ఒప్పుకుంది.

అయినా మేము చక్రం వద్దన్నాం. తిరిగే చక్రం రెండు గాలి ప్రవాహాల మధ్య గోడలోంచి తిరుగుతుంది కాబట్టి ఆ గోడకున్న సీలు ఎంత మంచిదైనా కొంత గాలి అటునుంచి ఇటు కారుతుంది, చక్రం రంధ్రాలలో ఇరుక్కున్న గాలి కూడా కొంత అవతలికి చేరుతుంది. ఈ థియేటర్ల ఎగ్జాస్ట్‌లో మత్తు వాయువుల అవశేషాలుంటాయి. పైగా ఆ భవనంలో అదే ఎగ్జాస్ట్ షాఫ్ట్‌లోకి ఐసొలేషన్ గదుల డక్ట్ కూడా కలిసి ఉందని, డ్రాయింగులలో కనిపించని ఆ కలయికను పైకప్పు మీద డక్ట్ తెరిచి చూసినప్పుడే కనుగొన్నాం. 79 కిలోవాట్లు ఊరించే సంఖ్యే. కానీ శస్త్రచికిత్స జరుగుతున్న మనిషి పీల్చే గాలి విషయంలో కొద్ది శాతం లీకేజీ కూడా నాకు సమ్మతం కాదు.

బయటి రోగుల నిరీక్షణ హాలుకు గాలినిచ్చే వేరొక యూనిట్‌లో మాత్రం చక్రాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేశాం. అక్కడ కూడా పాత అమరికలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ చక్రానికి ముందు ఉండి గాలిని నెడుతోంది, సరఫరా ఫ్యాన్ చక్రం తరువాత ఉండి గాలిని లాగుతోంది. అలాంటి చోట చక్రం పెడితే పాత గాలి తాజా గాలిలోకి తోసుకువస్తుంది. తాజా గాలి ఫ్యాన్ చక్రానికి ముందు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చక్రం తరువాత ఉండేలా రెండు ఫ్యాన్లనూ మార్చాకే చక్రాన్ని బిగించనిచ్చాం. లీకు ఉంటే తాజా గాలే అటు పోవాలి.

ఎంచుకున్న మార్గం

థియేటర్ యూనిట్‌లో మేము అమర్చినది కూలింగ్ కాయిల్‌ను చుట్టివచ్చే లూప్. కూలింగ్ కాయిల్‌కు ముందు ఒక కాయిల్, తరువాత ఒక కాయిల్, రెంటి మధ్య నీటిని తిప్పే ఒక చిన్న పంపు. ముందు కాయిల్‌లో నీరు బయటి గాలి వేడిని గ్రహిస్తుంది, వెనుక కాయిల్‌లో ఆ వేడిని 12 డిగ్రీల గాలికి ఇస్తుంది. ఎగ్జాస్ట్ గాలితో దీనికి సంబంధమే లేదు, కాబట్టి కలుషితమయ్యే ప్రశ్నే రాదు. దీని గొప్పతనమంతా రెండు వైపులా లాభం ఉండటంలో ఉంది: మళ్లీ వేడిచేయడానికి హీటరు ఇవ్వవలసిన 34 కిలోవాట్లను లూప్ ఇస్తుంది, అదే 34 కిలోవాట్లను ముందుగానే బయటి గాలి నుంచి తీసేస్తుంది కాబట్టి కూలింగ్ కాయిల్ భారం 190 నుంచి దాదాపు 156కు దిగుతుంది.

లూప్ సామర్థ్యాన్ని 45 శాతంగా నిర్ణయించాం. బయట 34 ఉన్నప్పుడు, 34కూ 12కూ మధ్య తేడా 22 డిగ్రీలు కాబట్టి, గాలిని దాదాపు 10 డిగ్రీలు వేడిచేయగలదు. మనకు కావలసింది 7 మాత్రమే, మిగతాది, నీటిలో కొంత భాగాన్ని కాయిల్‌లోకి పోనివ్వకుండా పక్కదారి పట్టించే బైపాస్ వాల్వ్ ఆపేస్తుంది. బయట 27 ఉండే రాత్రివేళ తేడా 15 డిగ్రీలే కాబట్టి 6.75 డిగ్రీలు వస్తుంది. అది దాదాపు సరిపోతుంది. బయట 22కు పడిపోయిన రోజున 4.5 డిగ్రీలే వస్తుంది, 12 కిలోవాట్ల లోటు ఉంటుంది.

ఆ లోటును చిల్లర్ కండెన్సర్ నుంచి తీర్చవచ్చునన్నది ఈ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. కూలింగ్ కాయిల్‌కు చల్లని నీటిని తయారుచేసే యంత్రమే చిల్లర్, అది వేడిని బయటికి వదిలే భాగం కండెన్సర్. చిల్లర్ తాను తొలగించిన వేడికి కంప్రెసర్ ఖర్చుపెట్టిన శక్తిని కూడా కలిపి కండెన్సర్ ద్వారా కూలింగ్ టవర్‌కు పంపుతుంది. 600 కిలోవాట్ల చల్లదనాన్ని 5 సీవోపీతో (ఒక కిలోవాట్ విద్యుత్తుకు ఎన్ని కిలోవాట్ల చల్లదనం లేదా వేడి వస్తుందన్న నిష్పత్తితో) ఇచ్చే చిల్లర్ 720 కిలోవాట్ల వేడిని గాలిలో కలిపేస్తుంది. ఆ వేడిని టవర్‌కు మోసుకెళ్లే నీరు 36 డిగ్రీలకు మించదు కాబట్టి దాన్ని పనికిరానిదిగా చూస్తారు. స్నానపు నీటికి అది నిజంగా చాలదు. కానీ 16 డిగ్రీల గాలిని 19కి తేవడానికి 36 అవసరమే లేదు, చల్లని రోజున టవర్ నీరు 28కి దిగినా హాయిగా సరిపోతుంది. ఒక వేడి పనికివస్తుందా రాదా అన్నది దాన్ని అందుకునే వస్తువు ఎంత చల్లగా ఉందన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. టవర్ నీటిలో దుమ్ము, నాచు ఉంటాయి కాబట్టి దాన్ని నేరుగా లూప్‌లోకి రానివ్వకుండా మధ్యలో ఒక ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (రెండు నీళ్లు కలవకుండా పలుచని రేకుల గుండా వేడిని మాత్రమే మార్చే పరికరం), దాని ముందు జల్లెడ పెట్టాం.

ఇందుకు చెల్లించిన మూల్యం: రెండు కొత్త కాయిల్స్ వల్ల గాలికి అదనంగా 150 పాస్కల్స్ నిరోధం. సెకనుకు 4 ఘనపు మీటర్ల ప్రవాహానికి, 60 శాతం ఫ్యాన్ సామర్థ్యంతో, అది సరిగ్గా ఒక కిలోవాట్. పంపుకు ఇంకో 0.3. ఈ 1.3 కిలోవాట్లు ఇరవై నాలుగు గంటలూ నడిచేవే. వేడి మార్పిడి గురించి మాట్లాడేవారు ఈ ఖర్చును తరచుగా మరచిపోతారు. బయటి, లోపలి ఉష్ణోగ్రతలు దగ్గరగా ఉండే చోట ఈ ఖర్చే ఆదాను తినేసిన యూనిట్లను నేను చూశాను.

పరీక్షలో నెగ్గి, రాత్రి ఓడిన కాయిల్

పని పూర్తయ్యాక ఒక ఎండ మధ్యాహ్నం అప్పగింత పరీక్ష జరిగింది. బయట 34 డిగ్రీలు. సరఫరా గాలి 19 వద్ద నిలకడగా ఉంది, హీటర్ మీటరు సున్నా చూపింది. అందరమూ సంతోషించి సంతకాలు చేశాం. ప్లేట్ ఎక్స్ఛేంజర్ పైపుల పని ఇంకా మిగిలి ఉంది కాబట్టి రాత్రి కొద్దిపాటి లోటును పాత హీటరే తీర్చాలని అనుకున్నాం. లెక్క ప్రకారం 27 డిగ్రీల రాత్రి ఆ లోటు కిలోవాట్ పైచిలుకు మాత్రమే.

పది రోజుల తరువాత మీటరు రికార్డు తెరిస్తే, రాత్రి రెండు నుంచి ఐదు గంటల మధ్య హీటరు ప్రతిరోజూ దాదాపు 7 కిలోవాట్లు వాడుతోంది. మొదట లూప్‌లో గాలి చేరిందేమోనని పై గాలి వాల్వులు తెరిచి చూశాం, చుక్క గాలి లేదు. లూప్‌లోని జల్లెడ శుభ్రంగా ఉంది. పంపు ప్రవాహం సెకనుకు 1.15 లీటర్లు, అంటే ఆ నీటి ప్రవాహం ఉష్ణధారణ శక్తి గాలి ప్రవాహం ఉష్ణధారణ శక్తికి సరిగ్గా సమానంగా, లెక్కలో ఉన్నంతే ఉంది.

అప్పుడు నాలుగు థర్మామీటర్లు తీసుకున్నాం. వాటిని ముందుగా ఒక ఫ్లాస్కులో దంచిన ఐసు, నీరు కలిపి అందులో ముంచి అన్నీ సున్నా చూపేదాకా సరిచూశాం. ఒక్క డిగ్రీ తేడా కోసం వెతుకుతున్నప్పుడు అర డిగ్రీ అబద్ధం చెప్పే సెన్సార్ ఉండకూడదు. రాత్రి మూడు గంటలకు వెనుక కాయిల్ దగ్గర కూర్చుని రాసుకున్న అంకెలు ఇవి: గాలి లోపలికి 12, బయటికి 17.6. నీరు లోపలికి 23.6, బయటికి 18. లోపం ఈ చివరి అంకెలోనే ఉంది. ఎదురు ప్రవాహంలో పనిచేసే కాయిల్‌లో నీరు చివరిగా తాకేది అతి చల్లని గాలిని కాబట్టి, అది బయటికి వెళ్లే గాలికన్నా చల్లగా, ఇక్కడ దాదాపు 16 డిగ్రీలతో వెళ్లాలి. మా నీరు 18తో, బయటికి వెళ్లే గాలికన్నా వెచ్చగా పోతోంది. నీరు, గాలి ఒకే దిశలో ప్రయాణించే కాయిల్‌లో ఇలా జరుగుతుంది. ఎందుకంటే అక్కడ రెండూ ఒకే చివర కలుసుకుంటాయి, నీరు గాలిని దాటి ఎన్నటికీ చల్లబడలేదు.

తెల్లవారాక పైపుల ఇన్సులేషన్ విప్పి చూస్తే, వెనుక కాయిల్ కుడిచేతి అమరికకు బదులు ఎడమచేతి అమరికతో వచ్చిందని, దాన్ని బిగించినవారు హెడర్లను (నీరు కాయిల్‌లోకి వచ్చే, బయటికి పోయే పెద్ద గొట్టాలను) దగ్గరగా ఉన్న పైపులకు కలిపేశారని తేలింది. వేడి నీరు గాలి ప్రవేశించే వైపు నుంచి లోపలికి వెళుతోంది. ముందు కాయిల్ సరిగ్గానే ఉంది. ఈ ఒక్క పొరపాటుతో లూప్ సామర్థ్యం 45 శాతం నుంచి 37కు దిగిపోయింది. 34 డిగ్రీల మధ్యాహ్నం 37 శాతంతో కూడా 8 డిగ్రీలకు పైగా వస్తుంది, మనకు 7 చాలు, అందుకే పరీక్షలో ఏమీ తెలియలేదు. 15 డిగ్రీల తేడా మాత్రమే ఉండే రాత్రి అదే లూప్ 5.6 డిగ్రీలే ఇవ్వగలిగింది.

ఆ మధ్యాహ్నమే దీన్ని పట్టుకోగలిగే ఆధారం ఒకటి మా కళ్లముందే ఉంది. బైపాస్ వాల్వ్ ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ నీటిని కాయిల్ వైపు వదులుతోంది. సరఫరా గాలి ఉష్ణోగ్రత సరిగ్గా ఉందా అని చూశామే తప్ప, ఆ ఉష్ణోగ్రత తేవడానికి వాల్వ్ ఎంత శ్రమపడుతోందని చూడలేదు. ఇప్పుడు మా పరీక్ష పత్రంలో ప్రతి ఉష్ణోగ్రత పక్కనా వాల్వ్ స్థానం రాయడానికి ఒక గడి ఉంది, వాల్వ్‌ను పూర్తిగా తెరిచి గరిష్ఠ సామర్థ్యం కొలిచే పరీక్ష కూడా ఉంది. ఇంకొక విషయం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది: ప్లేట్ ఎక్స్ఛేంజర్ పని ఆ రోజుకే పూర్తయి ఉంటే, కండెన్సర్ వేడి ఆ లోటును నిశ్శబ్దంగా పూడ్చేసేది, హీటర్ మీటరు సున్నా చూపుతూనే ఉండేది, కూలింగ్ కాయిల్ మీద పడే అదనపు భారాన్ని ఎవరూ గమనించేవారు కాదు.

హెడర్ పైపులు అటూ ఇటూ మార్చడానికి ఒక రాత్రి పట్టింది. మరుసటి రాత్రి, బయట 27 ఉన్నప్పుడు, వెనుక కాయిల్ నుంచి నీరు 16.2 డిగ్రీలతో వెళ్లింది, గాలి 18.7తో వచ్చింది.

వేడి నీటి సంగతి

కండెన్సర్ వేడిలో గాలికి వాడినది అతి కొద్ది భాగం. మిగిలిన దాని నుంచి ఆసుపత్రి వేడి నీటి అవసరాన్ని తీర్చడం రెండో దశలో చేపట్టాం. రోజుకు 20,000 లీటర్ల నీటిని 27 నుంచి 60 డిగ్రీలకు వేడిచేయడానికి దాదాపు 770 యూనిట్ల వేడి కావాలి. టవర్‌కు పోయే నీటి నుంచి వేడి తీసుకుని 60 డిగ్రీలకు ఎక్కించే 40 కిలోవాట్ల హీట్ పంపును పెట్టాం. సీవోపీ 4 చొప్పున లెక్కేస్తే, రోజుకు 19 గంటలకు పైగా నడిచి 190 యూనిట్ల పైచిలుకు విద్యుత్తుతో ఈ పని చేస్తుంది. వేడి నీరు ఎక్కువగా తెల్లవారుజామున కావాలి, వృథా వేడి ఎక్కువగా మధ్యాహ్నం పుడుతుంది. అందుకే పెద్ద యంత్రానికి బదులు చిన్న యంత్రం, పెద్ద ట్యాంకు ఎంచుకున్నాం.

ఇక్కడ ఒక ప్రతిపాదనను గట్టిగా తిరస్కరించవలసి వచ్చింది. నీటిని ముందు కండెన్సర్ వేడితో 33 డిగ్రీల దాకా ఉచితంగా వెచ్చబెట్టి ఒక ట్యాంకులో నిల్వ ఉంచి, ఆ తరువాత హీట్ పంపుకు పంపుదామన్నారు. శక్తి లెక్కలో అది లాభమే. కానీ 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీరు లెజియోనెల్లా బాక్టీరియా పెరగడానికి అనువైన చోటు, అందులోనూ ఆసుపత్రిలో బలహీనమైన ఊపిరితిత్తులున్న రోగులు ఆ నీటి తుంపరలనే పీలుస్తారు. నీటిని నిల్వ చేస్తే 60 డిగ్రీల వద్దే చేయాలని, గోరువెచ్చని నీరు ఎక్కడా నిలవకూడదని పట్టుబట్టాం. తాగునీటి వైపు ఎక్స్ఛేంజర్‌కు రెండు గోడలున్న రకమే వాడాం, ఒక గోడ చిల్లుపడితే లీకు బయటికి కనబడుతుంది తప్ప నీటిలో కలవదు.

ప్రస్తుత స్థితి

ఫలితాలను పాత, కొత్త నెలల కరెంటు బిల్లులు పోల్చి చెప్పడం మాకు ఇష్టం లేదు, ఎందుకంటే వాతావరణం మారుతుంది, శస్త్రచికిత్సల సంఖ్య మారుతుంది. ఇంధన ఆదాను కొలిచి నిర్ధారించే అంతర్జాతీయ పద్ధతి ఐపీఎంవీపీలోని ఆప్షన్ బి ప్రకారం మార్చిన భాగాన్ని మిగతా భవనం నుంచి వేరుచేసి, దాని విద్యుత్తునూ చల్లని నీటి ఉష్ణోగ్రతలనూ నేరుగా కొలిచి, ఒకే బయటి ఉష్ణోగ్రత, తేమ ఉన్న గంటలను జతచేసి చూశాం. 34 డిగ్రీల గంటలలో కూలింగ్ కాయిల్ భారం 190 నుంచి 157 కిలోవాట్లకు తగ్గింది. 27 డిగ్రీల రాత్రులలో దాదాపు 155 నుంచి 123కు తగ్గింది. ప్లేట్ ఎక్స్ఛేంజర్ చేరాక హీటరుకు పని లేకుండా పోయింది.

ఐసొలేషన్ గదుల ఎగ్జాస్ట్‌ను థియేటర్ షాఫ్ట్ నుంచి విడదీసి వేరే డక్ట్ ద్వారా పైకప్పు మీదికి తీసుకెళ్లారు. అందులోని చల్లదనం ఇప్పటికీ గాలిలోకే పోతోంది, దాన్ని అలాగే పోనివ్వమని రాతపూర్వకంగా ఇచ్చాం. ఎలక్ట్రిక్ హీటర్‌ను తీసేయలేదు. పంపు ఆగిపోతే థియేటర్ చల్లబడకూడదు కాబట్టి అది సిద్ధంగా ఉంది. నెలకొకసారి పది నిమిషాలు దాన్ని నడిపి చూసే రోజున తప్ప ఆ మీటరు అంకె కదలడం లేదు.